కాలిఫోర్నియా హైవే పెట్రోల్ రేడియో వినడానికి స్కానర్‌ని ఎలా సెట్ చేసుకోవాలి

స్కానర్, అంటే ఛానెళ్లన్నీ వరుసగా తిప్పుతూ మాట వచ్చిన చోట ఆగి వినిపించే రేడియో, కొనకముందే ఒక పని చేయండి. మీరు వినాలనుకుంటున్న పోలీసులు ఏ బ్యాండ్‌లో మాట్లాడుతున్నారు, అనలాగా డిజిటలా, ఎన్‌క్రిప్షన్, అంటే బయటివాళ్లకి అర్థం కాకుండా మాటకి వేసే తాళం, ఉందా లేదా, ఈ మూడూ కనుక్కోండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు బాగా డబ్బు పోసి డిజిటల్ స్కానర్ కొంటారు, ఇంటికి తెచ్చి జిప్ కోడ్ కొడతారు, సొంత ఊరి పోలీసుల ఛానెల్ చూస్తే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, హైవే పెట్రోల్ ఛానెల్లో గరగర తప్ప ఏమీ రాదు, ఇక సెట్ బాగోలేదని వెనక్కి పంపేస్తారు. సెట్‌కి ఏమీ కాలేదు. దాని నెత్తిన ఉన్న జానెడు యాంటెనాకి ఆ బ్యాండ్‌ని పట్టే శక్తి లేదు, అంతే.

ఇక్కడ నేను చెప్పేది కాలిఫోర్నియా హైవే పెట్రోల్ గురించి, అంటే సీహెచ్‌పీ. 1929లో మొదలైంది. 1995లో కాలిఫోర్నియా స్టేట్ పోలీస్‌ని కూడా ఇందులోనే కలిపేశారు కాబట్టి ఈ రాష్ట్రంలో స్టేట్ పోలీస్ అంటే వీళ్లే. ఫ్రీవేలు, ఏ ఊరి పరిధిలోకీ రాని కౌంటీ రోడ్లు వీళ్లే చూసుకుంటారు. ఫ్రీమాంట్ నుంచి శాన్ హోసేకి 880 ఫ్రీవే మీదో 680 మీదో రోజూ వెళ్లొచ్చేవాళ్లకి, శాంటా క్రూజ్ వైపు 17 ఎక్కేవాళ్లకి, చలికాలంలో పిల్లలకి మంచు చూపిద్దామని 80 పట్టుకుని టాహో బయల్దేరేవాళ్లకి ఈ రేడియో చాలా పనికొస్తుంది. మ్యాప్‌లో రోడ్డు ఎర్రబడేది కార్లు ఆగిపోయాక. రేడియోలో మాట వినబడేది ఆఫీసర్‌ని అటు పంపుతున్నప్పుడే. పైగా ఏ లేన్ మూసుకుపోయింది, టో ట్రక్ వచ్చిందా ఇంకా రాలేదా అన్నది మ్యాప్ చెప్పదు.

వినడం తప్పు కాదా అని అందరికీ ముందు వచ్చే డౌట్. వీసా మీద ఉన్నవాళ్లకి ఆ టెన్షన్ ఇంకా ఎక్కువ, అందుకే సూటిగా చెబుతున్నా. కాలిఫోర్నియాలో ఇంట్లో స్కానర్ పెట్టుకుని తెరిచి ఉన్న పోలీసు ఛానెల్ వినడం నేరం కాదు. విన్నదాన్ని నేరం చేయడానికో, అరెస్టు తప్పించుకోవడానికో వాడితే అది నేరం, ఈ రాష్ట్రం పీనల్ కోడ్‌లో 636.5 సెక్షన్ దాని గురించే. ఎన్‌క్రిప్ట్ అయిన ఛానెల్‌ని ఏదో ఒక దారిలో విప్పాలని చూడటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, ఆ జోలికే పోవద్దు. విన్నది ఊరంతా చాటడం, సొంత లాభానికి వాడుకోవడం కూడా చట్టంతో చిక్కే. ఇంకోటి, కారులో స్కానర్ పెట్టుకునే విషయంలో అన్ని రాష్ట్రాలూ ఒకటి కాదు. న్యూయార్క్, ఫ్లోరిడా, ఇండియానా, కెంటకీ, మిన్నెసోటా లాంటి చోట్ల ఆంక్షలున్నాయి, అటు డ్రైవ్ చేసుకుంటూ వెళ్తే సెట్ ఇంట్లోనే వదిలేయండి. ఇండియాకి వెళ్లేటప్పుడు సూట్‌కేసులో అసలు పెట్టొద్దు, మన దగ్గర అనుమతి లేకుండా ఇలాంటి వైర్‌లెస్ సెట్ దగ్గర ఉంచుకోవడమే నేరం.

2020 అక్టోబర్‌లో కాలిఫోర్నియా న్యాయశాఖ ఒక సర్క్యులర్ ఇచ్చింది. డేటాబేస్ నుంచి తీసిన జనం వ్యక్తిగత వివరాలు రేడియోలో బయటికి పోకుండా చూడమని దాని సారాంశం. దాన్ని పట్టుకుని చాలా ఊళ్ల పోలీసులు ఛానెళ్లు మొత్తానికి మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసేశారు. పాలో ఆల్టో కూడా చేసింది, మళ్లీ 2022 సెప్టెంబర్‌లో తెరిచింది. సీహెచ్‌పీ మాత్రం ఛానెల్ మూయకుండా, వ్యక్తిగత వివరాలు రేడియోలో చదవకుండా జాగ్రత్త పడే దారి ఎంచుకుంది. నా మటుకు అదే సరైన దారి అనిపిస్తుంది. రోడ్డు మీద ఏం జరుగుతోందో జనానికి తెలియాలి, ఎవరి లైసెన్స్ నంబర్ ఎంతో తెలియక్కర్లేదు.

ఏ సెట్ కొనాలి

సీహెచ్‌పీ ఇప్పటికీ ఎక్కువగా లో బ్యాండ్‌లోనే మాట్లాడుతుంది, దాదాపు 39 నుంచి 46 మెగాహెర్ట్జ్ మధ్య, మామూలు అనలాగ్ ఎఫ్‌ఎం. అమెరికాలో మిగతా పోలీసు శాఖలు చాలావరకు ఈ బ్యాండ్ ఎప్పుడో ఖాళీ చేశాయి. వీళ్లు ఉండిపోవడానికి భూగోళమే కారణం. కొండలు, లోయలు, మధ్యలో మైళ్లకొద్దీ ఊరు లేని రోడ్లు. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగం కొండ అంచు మీదుగా వంగి అవతలికి పోగలదు, కాబట్టి తక్కువ టవర్లతో ఎక్కువ దూరం కవర్ అవుతుంది. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉండే ఏళ్లలో ఇదే తరంగం పైనున్న అయనావరణానికి తగిలి ఎక్కడో దేశం అటు చివర దిగుతుంది, ఈస్ట్ కోస్ట్‌లో ఉన్నవాళ్లు కూడా సీహెచ్‌పీ డిస్పాచర్, అంటే కంట్రోల్ రూమ్ నుంచి ఆఫీసర్లని పంపే మనిషి, గొంతు వింటారు. అలాంటి రోజుల్లో మీ సెట్‌లో కూడా సంబంధం లేని ఊళ్ల మాటలు వస్తే కంగారు పడొద్దు.

కాబట్టి మీ ఆసక్తి సీహెచ్‌పీ వరకే అయితే డిజిటల్ స్కానర్ అక్కర్లేదు. యూనిడెన్ బీసీ125ఏటీ లాంటి అనలాగ్ హ్యాండ్‌హెల్డ్ చాలు, వంద డాలర్ల పైచిలుకులో దొరుకుతుంది. 25 నుంచి 54 మెగాహెర్ట్జ్ దాకా పడుతుంది, 500 ఛానెళ్లు, రెండు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. కంప్యూటర్‌తో పని తెలిసినవాళ్లు ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్, అంటే యూఎస్‌బీలో గుచ్చే చిన్న రేడియో రిసీవర్, తీసుకోవచ్చు, అది ఇంకా చవక, 24 మెగాహెర్ట్జ్ నుంచి పట్టుకుంటుంది, బ్యాండ్ మొత్తం తెరమీద గీతల్లా కనబడుతుంది కాబట్టి ఎక్కడ మాటలు నడుస్తున్నాయో కంటితోనే పసిగట్టొచ్చు. కొందరు చవగ్గా వస్తుంది కదా అని బావ్‌ఫెంగ్ వాకీటాకీ కొంటారు. ఆ మామూలు మోడళ్లు 42 మెగాహెర్ట్జ్ పట్టవు, పైగా దానికి మాట్లాడే బటన్ ఉంటుంది. పోలీసు ఛానెల్ మీద పొరపాటున ఆ బటన్ నొక్కినా అది చిన్న విషయం కాదు. వినడానికి వినే సెట్టే కొనండి.

ఫ్రీక్వెన్సీలు ఎక్కడ, ఎలా ఎంచుకోవాలి

రేడియో రిఫరెన్స్ అనే సైట్‌లో డేటాబేస్ ఉంటుంది. చూడటానికి డబ్బులు కట్టక్కర్లేదు, నేరుగా సాఫ్ట్‌వేర్‌లోకి దించుకోవాలంటేనే ప్రీమియం కావాలి. మనకి కావాల్సినవి పట్టుమని పది ఛానెళ్లు, చేత్తో కొట్టుకోవచ్చు. కాలిఫోర్నియా పేజీలో రాష్ట్రవ్యాప్త సంస్థల కింద హైవే పెట్రోల్ ఉంటుంది, అందులో మీ డివిజన్ చూడండి. బే ఏరియా అంతా గోల్డెన్ గేట్ డివిజన్, దాని డిస్పాచ్ సెంటర్ వలేహో (Vallejo)లో ఉంది. ఛానెళ్లకి రంగుల పేర్లు కనబడతాయి, ఒక్కో ఏరియా ఆఫీసుకి ఒక్కో రంగు ఛానెల్ కేటాయించి ఉంటుంది. నేను కావాలనే ఇక్కడ ఫ్రీక్వెన్సీ అంకెలు రాయడం లేదు. ఏరియాని బట్టి అవి వేరు, పైగా రాష్ట్రం క్రిస్ అనే కొత్త 700 మెగాహెర్ట్జ్ డిజిటల్ వ్యవస్థ కడుతోంది కాబట్టి ముందు ముందు మారే వీలుంది. డేటాబేస్‌లో ఆ రోజుకి ఏముందో అదే తీసుకోండి.

అక్కడ ప్రతి ఛానెల్‌కీ రెండు ఫ్రీక్వెన్సీలు ఉండటం గమనించండి. ఒకటి బేస్, అంటే కొండ మీది టవర్ నుంచి డిస్పాచర్ గొంతు వచ్చేది. రెండోది మొబైల్, పెట్రోల్ కారు నుంచి ఆఫీసర్ జవాబిచ్చేది. రెండూ రాసుకోండి. బేస్ చాలా దూరం నుంచి వినబడుతుంది, కారు మాత్రం మీకు దగ్గర్లో ఉంటేనే. అందుకే ఎక్కువసేపు మీకు డిస్పాచర్ ఒక్కరే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అది సెట్టింగ్ తప్పు కాదు. ఆఫీసర్ గొంతు గట్టిగా వచ్చిందంటే ఆయన మీ ఇంటి దగ్గర్లోనే ఉన్నాడని లెక్క. కారు దిగి చేతిలోని రేడియోలో మాట్లాడితే ఆ మాట ముందు కారుకి, కారు నుంచి టవర్‌కి పోతుంది. ఆ చిన్న రేడియోకీ కారుకీ మధ్య నడిచేది కొత్త కార్లలో 700 మెగాహెర్ట్జ్, ఈ అనలాగ్ సెట్‌కి అది అందదు.

ప్రోగ్రామింగ్

కీప్యాడ్ మీద కూడా చేయొచ్చు గానీ వేళ్లు నొప్పెడతాయి. యూనిడెన్ సైట్లో ఈ మోడల్‌కి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, యూఎస్‌బీ కేబుల్‌తో కలపండి. ముందుగా సెట్‌లో ఉన్నదాన్ని కంప్యూటర్‌లోకి చదివించి ఒక కాపీ దాచుకోండి, ఆ తర్వాతే మార్పులు.

500 ఛానెళ్లు పది బ్యాంకులుగా ఉంటాయి, బ్యాంకుకి 50. ఒకటో బ్యాంకులో మీ సొంత ఏరియా బేస్, మొబైల్ పక్కపక్కనే పెట్టండి. రెండో బ్యాంకులో చుట్టుపక్కల ఏరియాలు. మూడోది టాహో దారికి: సాక్రమెంటో, ఆబర్న్, గోల్డ్ రన్, ట్రక్కీ ఆఫీసుల ఛానెళ్లు వరుసగా. స్కాన్ నడుస్తున్నప్పుడు అంకె నొక్కితే ఆ బ్యాంకు ఆన్ అవుతుంది, మళ్లీ నొక్కితే ఆఫ్. దారిలో ముందుకు పోయే కొద్దీ ఏ ఛానెల్ పనికొస్తుందో ఇంట్లోనే సర్దుకుని పెట్టుకుంటే డ్రైవింగ్‌లో దాన్ని తాకే పని ఉండదు. తాకొద్దు కూడా, పక్కన కూర్చున్నవాళ్లకి ఇవ్వండి. పేరు 16 అక్షరాల దాకా పడుతుంది, రంగు, ఏరియా, బేసా మొబైలా అన్నవి అందులోనే ఇమిడేలా రాసుకోండి.

తర్వాత మాడ్యులేషన్ అనే గడి. ఆటో అని వదిలేయకుండా ఎఫ్‌ఎం అని మీరే ఎంచుకోండి, నారో ఎఫ్‌ఎం కాదు. 2013 జనవరి నుంచి 150 నుంచి 512 మెగాహెర్ట్జ్ మధ్య ఉన్న పోలీసు, వ్యాపార రేడియోలు చాలావరకు ఛానెల్ వెడల్పు సగానికి తగ్గించుకోవాలని అమెరికాలో రేడియో తరంగాలని చూసుకునే ఎఫ్‌సీసీ రూల్ పెట్టింది, అందుకే కొత్తగా నేర్చుకున్నవాళ్లు అన్నిటికీ నారో పెట్టేస్తారు. లో బ్యాండ్ ఆ రూల్ కిందికి రాలేదు. ఇక్కడ నారో పెడితే గొంతు బొంగురుగా, పదాల చివర్లు తెగినట్టు వస్తుంది, మనిషి గట్టిగా మాట్లాడినప్పుడల్లా చిరుగుతుంది. ఆ ఒక్క గడి మారిస్తే మాట శుభ్రంగా వచ్చేస్తుంది.

సీటీసీఎస్ఎస్ టోన్ అంటే మాటతోపాటు కలిసి వచ్చే, మన చెవికి పట్టని సన్నని హమ్. ఫలానా టోన్ ఉంటేనే స్పీకర్ తెరుచుకో అని స్కానర్‌కి చెప్పొచ్చు. మొదట్లోనే టోన్ బిగించకండి. కొన్నాళ్లు సెర్చ్ మీద వదలండి, మాట వచ్చినప్పుడల్లా ఏ టోన్ వచ్చిందో తెరమీద కనబడుతుంది, డేటాబేస్‌లో ఉన్నదానితో సరిపోయిందా చూసి అప్పుడు బేస్ ఛానెల్‌కి ఖాయం చేయండి. మొబైల్ ఛానెల్‌కి మాత్రం టోన్ పెట్టకుండా తెరిచి ఉంచండి, ఎలాగూ బలహీనంగా వచ్చే సిగ్నల్, దానికి ఇంకో గేటు అడ్డం పెట్టడమెందుకు.

అందరూ పట్టించుకోని గడి డిలే. మాట ఆగాక స్కానర్ అదే ఛానెల్ మీద ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పేది. మామూలుగా 2 ఉంటుంది. ఒకే ఫ్రీక్వెన్సీలో ఇద్దరూ మాట్లాడుకునే చోట అది మంచిదే. ఇక్కడ డిస్పాచర్ ప్రశ్న అడిగి ఆపారు, స్కానర్ ఆవిడ ఫ్రీక్వెన్సీ మీదే రెండు సెకన్లు కాపలా కాస్తూ కూర్చుంది, ఈలోపు ఆఫీసర్ పక్క ఫ్రీక్వెన్సీలో జవాబు చెప్పడం మొదలుపెట్టేశాడు, మొదటి రెండు ముక్కలూ పోయాయి. అసలు సంగతి ఆ రెండు ముక్కల్లోనే ఉంటుంది, ఎక్కడున్నాడు, ఏమైంది. డిలే సున్నా చేయండి. ఛానెళ్లు కొద్దిగానే ఉన్నాయి కాబట్టి స్కానర్ చుట్టూ తిరిగి రావడానికి క్షణం కూడా పట్టదు. ప్రయారిటీ, అంటే ముఖ్యమని గుర్తు పెట్టిన ఛానెల్‌ని మధ్యమధ్య వెళ్లి చూసొచ్చే సెట్టింగ్, ఆపేయండి, అది ఉంటే వింటున్న మాట మధ్యమధ్య తెగుతుంది.

అన్నీ సెట్‌లోకి రాశాక యూఎస్‌బీ పీకేయండి. లాప్‌టాప్ చార్జర్ నుంచే ఈ బ్యాండ్‌లో బోలెడంత రొద పుడుతుంది.

యాంటెనా, రొద

డబ్బు, ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. 42 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 7 మీటర్ల పైన. అందులో నాలుగోవంతు, వైరుకి కొద్దిగా తగ్గించి లెక్కేస్తే, దాదాపు 1.7 మీటర్లు. పెట్టెతో వచ్చే రబ్బరు యాంటెనా పొడవు దానికి ఏ మూలకీ రాదు. హోమ్ డిపోలో దొరికే మామూలు రాగి వైరు రెండు ముక్కలు, ఒక్కోటి 1.7 మీటర్లు కత్తిరించండి. టీవీకి వాడే ఆర్‌జీ-6 కేబుల్ ఒక చివర ఒలిచి, లోపలి తీగని పై ముక్కకి, చుట్టూ ఉన్న అల్లికని కింది ముక్కకి కలిపి టేపు వేయండి. రెండో చివర బీఎన్‌సీ అడాప్టర్ (స్కానర్ యాంటెనా సాకెట్‌కి సరిపోయేది) పెట్టి స్కానర్‌కి తగిలించండి. మొత్తం నిలువుగా వేలాడాలి, అడ్డంగా కాదు, ఎందుకంటే వాళ్ల యాంటెనాలూ నిలువే. కేబుల్‌ని వైరు వెంబడే కిందికి దించకుండా మధ్య నుంచి పక్కకి కాస్త దూరం లాగి తర్వాత దించండి. సొంత ఇల్లైతే అటకలో, అపార్ట్‌మెంట్ అయితే బాల్కనీ రెయిలింగ్ లోపలివైపు. కరెంటు తీగల దగ్గరికి మాత్రం ఏదీ పోనివ్వొద్దు. ఈ కేబుల్ ఇంపెడెన్స్ 75 ఓమ్‌లు కదా, స్కానర్‌కి 50 కావాలి కదా అని కొందరు అడుగుతారు. వినడానికి ఆ తేడా లెక్కలోకి రాదు.

యాంటెనా మంచిది పెట్టాక ఇంట్లో రొద కూడా అంతే బాగా వినబడుతుంది. ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, సోలార్ ఇన్వర్టర్లు ఈ బ్యాండ్‌ని పాడు చేస్తాయి. ఏది దొంగో పట్టుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. స్కానర్‌ని బ్యాటరీ మీద పెట్టి, బేస్ ఛానెల్ మీద ఆపి, స్క్వెల్చ్ (మాట లేనప్పుడు గరగరని మూసి ఉంచే సెట్టింగ్) పూర్తిగా తెరిచి, ఇంటి మెయిన్ బ్రేకర్ ఆఫ్ చేయండి. గరగర స్వభావం మారిందా? ఒక్కో బ్రేకర్ ఆన్ చేస్తూ రండి, ఏ గదితో రొద లేస్తుందో అక్కడ ఒక్కో ప్లగ్గూ పీకి చూడండి. మా ఇంట్లో అది వంటింటి కౌంటర్ కింది ఎల్‌ఈడీ పట్టీ అడాప్టర్. అది మార్చాక అంతకుముందు ఎప్పుడూ రాని లివర్మోర్ వైపు కార్లు కూడా వినబడ్డాయి. తర్వాత స్క్వెల్చ్‌ని రొద ఆగేదాకా పెంచి, ఇంకొక్క మెట్టు పైన వదిలేయండి.

వింటే అర్థమవ్వాలి కదా

మొదటి వారం వేగానికి ఏమీ అర్థం కాదు. సీహెచ్‌పీ ట్రాఫిక్ ఇన్సిడెంట్ పేజీ పక్కన తెరుచుకోండి, డిస్పాచ్ సెంటర్ల లాగ్ అందులో జనానికి కనబడుతుంది. చెవితో విన్నది కంటితో సరిచూసుకుంటూ ఉంటే త్వరగా పట్టుబడుతుంది. టీసీ అంటే యాక్సిడెంట్. 11-82 అంటే ఎవరికీ దెబ్బలు తగల్లేదు, 11-83 అంటే వివరం ఇంకా తెలియదు, 11-79 అంటే అంబులెన్స్ బయల్దేరింది, 11-80 పెద్ద గాయాలు, 11-25 రోడ్డుకి అడ్డంగా ఏదో పడి ఉంది, 11-85 టో ట్రక్ కావాలి. 10-97 చేరుకున్నాను, 10-98 ఈ పని అయిపోయింది. 20002 అంటే వాహనమో వస్తువో దెబ్బతిన్న హిట్ అండ్ రన్, 23152 తాగి నడపడం, ఇవి వెహికల్ కోడ్ సెక్షన్ నంబర్లు. లేన్లు ఎడమ నుంచి లెక్కపెడతారు, ఫాస్ట్ లేన్ నంబర్ 1. "రెండు, మూడు బ్లాక్ అయ్యాయి" అంటే నాలుగు లేన్ల రోడ్డులో మధ్య లేన్లు పోయినట్టు, కుడివైపు చివర నుంచి పాకుతూ పోవచ్చు. ఆల్ఫా, బ్రావో అలవాటైన మన చెవికి వీళ్ల అక్షరాలు కొత్త: ఆడమ్, బాయ్, చార్లెస్, డేవిడ్, లింకన్, నోరా, ఓషన్. నంబర్ ప్లేట్లు అలాగే చదువుతారు.

ఒక్క మాట మనస్ఫూర్తిగా. అందులో వినబడేది ఎవరో ఒకరి ఇంటి కష్టం. కారు నంబరో, మనిషి వివరమో చెవిన పడితే అది మీ దగ్గరే ఆగిపోవాలి, వాట్సాప్ గ్రూపుల్లోకి పోకూడదు. యాక్సిడెంట్ చూడ్డానికి అటు వెళ్లకండి, అంబులెన్స్‌కి దారి ఇవ్వండి.

వేరే రాష్ట్రాల్లో ఉంటే

మిషిగన్, ఒహాయో, ఇల్లినాయ్‌లలో ఉన్నవాళ్లకి పైన చెప్పిన సెట్ పనికిరాదు. అక్కడ స్టేట్ పోలీసులు పీ25 అనే డిజిటల్ పద్ధతిలో నడిచే ట్రంకింగ్ మీద ఉన్నారు, మిషిగన్‌లో ఎంపీఎస్‌సీఎస్, ఒహాయోలో మార్క్స్, ఇల్లినాయ్‌లో స్టార్‌కామ్21. ట్రంకింగ్ బ్యాంకులో టోకెన్ పద్ధతి లాంటిది, ఒక్కో శాఖకి సొంత ఫ్రీక్వెన్సీ ఉండదు, ఆ క్షణాన ఏ కౌంటర్ ఖాళీగా ఉంటే అక్కడికి పంపుతారు. పంపే పని కంట్రోల్ ఛానెల్‌ది. కాబట్టి మీరు కొట్టాల్సింది మీ ఇంటికి దగ్గరి సైట్ కంట్రోల్ ఛానెళ్లు, వినాలనుకునే టాక్‌గ్రూప్ నంబర్లు, అంటే ఒక్కో బృందానికి ఇచ్చిన నంబర్లు. రాష్ట్రంలోని సైట్లన్నీ ఎక్కించకండి, అందని సైట్ కోసం వెతుకుతూనే స్కానర్ టైమంతా అయిపోతుంది. నాలుగైదు టవర్లు ఒకే మాటని ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకేసారి పంపే సైమల్‌కాస్ట్ సైట్లలో మామూలు డిజిటల్ స్కానర్లు తడబడి మాట ముక్కలు చేస్తాయి, యూనిడెన్ ఎస్‌డీఎస్100, ఎస్‌డీఎస్200 ఆ ఇబ్బందిని తట్టుకునేలా చేసినవి. అవి ఖరీదైనవే, అందుకే కొనేముందు రేడియో రిఫరెన్స్‌లో ఆ టాక్‌గ్రూప్ పక్కన మోడ్ గడి చూడండి. D అక్షరం పక్కన చిన్న e ఉంటే కొన్ని మాటలు ఎన్‌క్రిప్ట్ అవుతాయి, పెద్ద E ఉంటే మొత్తం మూసేసినట్టే, ఎంత ఖరీదైన స్కానరైనా దాన్ని తెరవలేదు.